రాణిగారి నవ్వు

పల్లాలమ్మ నవ్వును సర్కారువారు పొన్నాడపాలెం దివాణానికి రాసిచ్చేశారు. ఇందులో అనుమానం లేదు, అప్పీలు లేదు. గెద్దాడ వీరాస్వామి ఈ మాట ఎవరితోనూ అనడు. అనకపోవడం ఆయనకు కొత్త కాదు. పొలం గట్టు తగువులో తోడబుట్టిన అన్నతో మాట మానేసి, ఆ అన్న పాడె మోసిన రోజున కూడా నోరు విప్పకుండానే మోసి వచ్చాడు.

వీరాస్వామి ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత బతుకంతా కొబ్బరికాయలు వొలిచాడు. భార్య పల్లాలమ్మ కాలం చేసి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా పోయినవాళ్ళు దండలు వేసుకుని గోడ మీద ఉంటారు. వీరాస్వామి గోడ మీద సున్నం ఉంది. బతికున్న రోజుల్లో ఆవిడ ఫొటో దిగలేదు. దిగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పోతుందని తెలిస్తే దిగేవాళ్ళేమో, ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఆవిడ రూపం ఈ భూమ్మీద మిగిలింది ఒక్కచోటే. ‘పల్లకి ఎక్కిన వంటవాడు’ అనే పాత నవ్వుల సినిమాలో, పెళ్ళిభోజనాల బంతిలో.

సినిమా కథ చిన్నదే. ఒక జమీందారు పెళ్ళిచూపులకు బయల్దేరి, పల్లకి కుదుపు పడక దిగి నడుస్తాడు. ఖాళీ పల్లకి మోస్తే అరిష్టమని బోయీలు వెంట వస్తున్న వంటవాణ్ణి అందులో ఎక్కిస్తారు. ఆడపెళ్ళివారు పల్లకి దిగినవాడి కాళ్ళు కడిగి, వెనకాల చెమటలు కక్కుతూ వచ్చినవాణ్ణి వంటశాలలోకి తోలతారు. వంటవాడు పెళ్ళిపీటల దాకా వెళతాడు. జమీందారు పెళ్ళివంట మాడబెడతాడు. మధ్యలో వంటవాడు, తనకు దొరికిన హోదాతో, ఊళ్ళో గొప్పింటివాళ్ళనూ కూలీనాలీనీ ఒకే బంతిలో కూర్చోమని ఆజ్ఞాపిస్తాడు. ఆ బంతిని పొన్నాడపాలెం దివాణంలో తీశారు.

మద్రాసు నుంచి ఆడవాళ్ళు రావలసిన రైలు రాలేదు. కంపెనీ మేనేజరు చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళను పిలుచుకొచ్చి వేషాల పెట్టె తెరిచాడు. అందులో జాకెట్లు ముందే కుట్టి ఉన్నాయి. పట్టు జాకెట్టు సరిపోయినవాళ్ళు జమీందారిణులు, సరిపోనివాళ్ళు కూలీలు. వేషాలు కట్టడంలో అంతకు మించిన సిద్ధాంతం ఆయనకు లేదు. అప్పుడే కాపురానికి వచ్చిన పల్లాలమ్మకు పట్టు జాకెట్టు అతికినట్టు సరిపోయింది. వడ్డాణంతో సహా ఆవిడ జమీందారిణి అయింది. దివాణం ఆడపిల్ల చంద్రమతీదేవి తానూ సినిమాలో కనపడతానని మంకుపట్టు పట్టింది. పెట్టెలో మిగిలింది ముతక నేతచీర. ఆ పిల్ల దాన్నే సంబరంగా కట్టుకుని పల్లాలమ్మ పక్కన కూర్చుంది.

ఆకులో వడ్డించినవి కూడా వేషాలే. పాయసం సున్నపు తేట, లడ్లు బంకమట్టి. కూలి ఆడవాళ్ళకు చూడగానే తెలిసిపోయింది. వాళ్ళకు ఎవరూ ఊరికే లడ్డు వెయ్యరు. దివాణం పిల్లకు మాత్రం ఆకులో పడిన లడ్డు లడ్డు కాకుండా ఉండగలదని తెలియదు. కొరికింది. పల్లాలమ్మ అది చూసి తల వెనక్కి వేసి నవ్వింది. కెమెరా అప్పుడు అటే తిరిగి ఉంది.

ఆ సినిమాను మొగుడూపెళ్ళాలు డేరా హాల్లో చూశారు. తెర మీద పల్లాలమ్మ నవ్వుతుంటే పక్కనున్న పల్లాలమ్మ సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వీరాస్వామి ఆ రోజు తెర వంక చూడలేదు. పక్కకే చూశాడు. ఆవిడ పోయాక ఆ సినిమా మళ్ళీ ఎక్కడా ఆడలేదు.

ఇలా ఉండగా ప్రభుత్వం ఆ ఏడాదిని హాస్య వారసత్వ సంవత్సరంగా ప్రకటించింది. హాస్య వారసత్వ సంరక్షణ మండలి ఏర్పడింది. మండలివారు ఏదో గోదాములో ఆ సినిమా డబ్బాలు పట్టుకుని, బూజు దులిపి, బాగు చేయించారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ మండలికి ఒక న్యాయ సలహాదారు ఉన్నాడు. ఉన్నందుకు ఆయన ఒక సందేహం లేవనెత్తాడు. సినిమా సగంలో వచ్చిన ప్రేక్షకుడికి, పల్లకి దిగినవాడు వంటవాడని ఎలా తెలుస్తుంది? ప్రభుత్వ భవనంలో, ప్రభుత్వ ఖర్చుతో, ఒక పౌరుడు వంటవాణ్ణి జమీందారుగా భావించి ఇంటికి వెళితే బాధ్యత ఎవరిది?

బాధ్యత ఎవరిదీ కాకూడదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ‘అసలు స్థితి పట్టీ’ అలా పుట్టింది. తెర మీద కనిపించే ప్రతి మనిషి గుండెల మీదా ఒక తెల్లని పట్టీ ఉంటుంది. అతనెవరో, ఎవరు కాడో దాని మీద రాసి ఉంటుంది. ‘వంటవాడు. జమీందారు కాడు.’ ‘జమీందారు. వంటవాడు కాడు.’ పల్లకి మోసేవాళ్ళకు ‘బోయీలు. విషయం తెలిసినవారు’ అని రాశారు. ముందుగా పెద్దలకు వేసి చూపిస్తే హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ప్రేక్షకులు సంపూర్ణ అవగాహనతో వీక్షించారని నివేదిక పైకి వెళ్ళింది. పైనుంచి అభినందనలు కిందికి వచ్చాయి.

తర్వాత, ముఖ్యపాత్రలకే పట్టీలు ఇస్తే మిగతావారిని చిన్నచూపు చూసినట్టవుతుందని ఇంకొకాయన అన్నాడు. దాంతో బంతిలో కూర్చున్నవారిని గుర్తించగలిగిన బంధువులు మండలి కార్యాలయానికి రావాలని పత్రికల్లో వేశారు.

ఆ కబురు పల్లాలమ్మ చెల్లెలు నూకరత్నం మోసుకొచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది. వీరాస్వామి ఇంకా మాట్లాడుతున్న కొద్దిమందిలో ఆవిడొకతె.

“అక్క సినిమా దొరికిందంట బావా. బంతిలో కూకున్నోళ్ళ పేర్లు రాత్తారంట. ఎవరికెవరో వచ్చి చెప్పుకోమన్నారు.”

వీరాస్వామి చేతిలో కాయ కింద పెట్టాడు. “కదులుద్దా?”

“ఏంటి?”

“అక్క. కదులుద్దా, ఫొటోలాగా బిగుసుకునుంటదా?”

“సినిమా అన్నాక కదలక ఏం చేత్తాది?”

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళారు.

ఆపాటికి పట్టీలు తెర దిగి కార్యాలయంలోకి వచ్చేశాయి. ఎవరో అర్జీదారు ఇస్త్రీ బట్టల్లో ఉన్న అటెండరును అధికారి అనుకుని దణ్ణం పెట్టాడట. అది మళ్ళీ జరక్కుండా ఉద్యోగులందరూ పట్టీలు కట్టుకోవాలని ఉత్తర్వు వెలువడింది. గుమ్మంలో ఉన్నతని గుండెల మీద ‘అటెండరు. అధికారి కాడు’ అని ఉంది. లోపల ఇవటూరి సీతాపతి అనే పెద్ద ఉద్యోగి కూర్చుని ఉన్నాడు. ఆయన పట్టీ మీద ‘సంయుక్త సంచాలకులు. సంచాలకులు కారు’ అని ఉంది. ఆ రెండో వాక్యం మీద ఆయన మాటిమాటికీ చెయ్యి వేసుకుంటున్నాడు. వచ్చినవాళ్ళకు కూడా పట్టీలు కట్టారు. వీరాస్వామికి కట్టినదాని మీద ‘అర్జీదారు. హక్కుదారు కాడు’ అని ఉంది.

వీరాస్వామి వచ్చిన పని చెప్పాడు. బంతిలో పట్టుచీర కట్టుకుని నవ్వింది తన భార్య. పేరు పల్లాలమ్మ. అంతకంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

సీతాపతి ఆ పేరును నోట్లో ఒకసారి తిప్పి చూశాడు. పేరుకూ పట్టుచీరకూ పొంతన కుదరడం లేదన్నట్టు కళ్ళజోడు సర్దుకున్నాడు. “సదరు మహిళ తమరి సతీమణి అనుటకు నిదర్శనంగా ఛాయాచిత్రం జతపరచవలసి ఉంటుంది.”

“ఫొటో లేదండి. లేకే గదండి వచ్చింది.”

“ఫొటో లేనిదే పోల్చడం సాధ్యపడదు.”

“పోల్చడం నాకెందుకండి. నేను కాపరం చేశాను.”

“అనుభవం వేరు వీరాస్వామి గారూ, ప్రామాణికత వేరు,” అన్నాడు సీతాపతి, నచ్చజెబుతున్నట్టు.

నూకరత్నం ముందుకొచ్చి తాను చెల్లెలినని, కావాలంటే తన ముక్కు చూసుకోమని, అక్కదీ ఇదే ముక్కని చెప్పింది. సీతాపతి ఆ ముక్కును ఇద్దరు నిపుణులకు చూపించాడు. అది ఈ ప్రాంతంలో విరివిగా లభించే ముక్కు అని వాళ్ళు తేల్చారు.

వ్యవహారం వర్గ నిర్ధారణ ఉపసంఘానికి వెళ్ళింది. ఒక చీరల పండితుడు, ఒక నగల పండితుడు, ఏ పండితుడో ఎవరికీ తెలియని అధ్యక్షుడు అందులో ఉన్నారు. వాళ్ళు ఒక చీకటి గదిలో వీరాస్వామిని కూర్చోబెట్టి గోడ మీద బొమ్మ వేశారు.

పల్లాలమ్మ గోడ మీదికి వచ్చింది. వడ్డాణం పెట్టుకుని, ఆకు ముందు కూర్చుని, పక్కకు చూస్తోంది. బొమ్మను అక్కడ ఆపేశారు. నవ్వు ఇంకా మొదలవలేదు. పెదవి చివర మాత్రం కాస్త కదలబోతోంది. వీరాస్వామి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాస్త ముందుకు పోనివ్వమని అడిగాడు. గుర్తింపుకు మొహం చాలునని, అవసరానికి మించి చూపించడం నిబంధనలకు విరుద్ధమని అధ్యక్షుడు అన్నాడు. దీపాలు వేశారు. గోడ మీద మళ్ళీ సున్నం మిగిలింది.

ఉపసంఘం నివేదిక త్వరలోనే వచ్చింది. చీర పట్టుది కాబట్టి మహిళ ఉన్నత కుటుంబీకురాలు. వడ్డాణం నడుముకు ఇబ్బంది లేకుండా అమరింది కాబట్టి అది ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటు. సామాన్య స్త్రీలు తల వంచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. తల వెనక్కి వేసి నవ్వడం తరతరాల అధికారం వల్ల అబ్బే లక్షణం. పక్కనున్న ముతకచీర మహిళ మట్టిలడ్డును ఆత్రంగా కొరకడం, లడ్డు మొహం ఎరగని నిరుపేద స్థితికి తిరుగులేని నిదర్శనం. కావున, పట్టుచీర మహిళ పొన్నాడపాలెం దివాణం ఆడపడుచు అయి ఉండాలి. దివాణంవారిని పిలిపించవలెను.

దివాణం తరఫున, ఇల్లరికపు మొగుడితో పుట్టింట్లోనే ఉండిపోయిన చంద్రమతీదేవి మనవడు అనంత భూపతి వచ్చాడు. మర్యాదస్తుడు. జమీందారీలు ఎన్నడో రద్దయ్యాయి కనక ఆయన పట్టీ మీద ‘జమీందారు మనవడు. జమీందారు కాడు’ అని ఉంది. ఆయన బొమ్మ చూశాడు. మట్టిలడ్డు కథ ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. చంద్రమతీదేవే చచ్చేదాకా చెప్పుకుని నవ్వింది. ఆయన ముతకచీర వంక చూశాడు, పట్టుచీర వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు. పట్టుచీర తన నాయనమ్మేనని అధికారుల ముందు చెప్పాడు.

వరండాలోకి వచ్చాక వీరాస్వామి అడ్డంగా నిలబడ్డాడు. “మట్టి కొరికిందండి మీ నాయనమ్మ గారు. మీకూ తెలుసు.”

భూపతి గొంతు తగ్గించాడు. “తెలుసయ్యా. ఇంట్లో చెప్పుకోవడానికి అది చాలా బాగుంటుంది. పట్టీ మీద బాగోదు.”

“నా పెళ్ళాం అండి ఆవిడ.”

“పెద్దవాడివి, నీకు తెలియనిదేముంది. ముతకచీర కట్టి, కింద కూలీ అని రాసి, మా నాయనమ్మను ఊరూరా తిప్పమంటావా?”

వీరాస్వామి ఆయనతో మాట్లాడటం అక్కడికక్కడే మానేశాడు. భూపతికి ఆ సంగతి తెలియక ఇంకాసేపు మాట్లాడాడు.

సీతాపతి మాత్రం దయగలవాడు. వీరాస్వామిని లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇప్పించాడు. తమరికి అన్యాయం జరగనివ్వనని, ముతకచీర మహిళ కోసం ఇంతవరకు ఎవరూ రాలేదని, ఆమె స్థితిగతులు తమరి స్థితిగతులకు చక్కగా సరిపోతున్నాయని, కనక ఆమెను తమరి సతీమణిగా నమోదు చేయడానికి మండలి సుముఖంగా ఉందని సెలవిచ్చాడు.

నూకరత్నం చెంప మీద చెయ్యి వేసుకుంది. “దివాణం అమ్మాయి గారిని తెచ్చి మా బావకి కట్టబెడతారాండీ? అలాగైతే వరండాలో ఉన్న ఆ బాబుగారు మా బావని తాతా అని పిలవాలి. ముందు ఆయన్ని ఒప్పించుకోండి.”

“అమ్మా, వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. బంధుత్వాలు మండలి పరిధిలోకి రావు.”

వీరాస్వామి ఒప్పుకోలేదు. పట్టుచీర పల్లాలమ్మే అన్నాడు. పై ఊళ్ళోనైనా సరే, ఎవరి దగ్గరైనా సరే అదే చెబుతానన్నాడు. అప్పుడు సీతాపతి విచారంగా ఇంకో సంగతి బయటపెట్టాడు. హక్కుదారుల మధ్య వివాదం ఉన్న మొహాన్ని తెర మీద చూపకూడదు. వివాదం తేలేవరకు దాన్ని నల్లటి ముసుగుతో కప్పి ఉంచాలి. ముసుగు పనివాళ్ళు సిద్ధంగా ఉన్నారు. వీరాస్వామి అభ్యంతరం నిలబడితే పల్లాలమ్మ నవ్వు ఎవరికీ కనపడదు. ఆయన అభ్యంతరం వెనక్కి తీసుకుంటే ముసుగు అక్కర్లేదు.

“ఎప్పటికి తేలుద్దండి?”

“ఇటువంటివి తేలిన ఉదాహరణ లేదు,” అన్నాడు సీతాపతి. ఆయన అబద్ధమాడే మనిషి కాడు.

వీరాస్వామి వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. నూకరత్నం పక్కనే కూర్చుంది. సంతకం పెట్టొద్దంది. అక్కను వాళ్ళ పేరున రాసిచ్చి ఏ మొహంతో ఊళ్ళోకి వెళ్దామంది. ఆయన లోపలి గుమ్మం వంక చూశాడు. ఆవిడకు ఉక్రోషం వచ్చింది.

“జానెడు గట్టు కాడ సొంత అన్నతోనే రాజీపడనోడివి. ఇప్పుడేమొచ్చింది నీకు?”

“అన్న ఎదురింట్లో ఉండేవోడు,” అన్నాడు వీరాస్వామి. “మాటాడకపోయినా రోజూ కనపడేవోడు.”

లేచి లోపలికి వెళ్ళాడు.

అధికారులు చెప్పిన మాటలు బడి నేర్పిన గుండ్రటి అక్షరాల్లో రాశాడు. పట్టుచీర మహిళ నా భార్య కాదు. ఆమె ఎవరో నాకు తెలియదు. ముతకచీర మహిళ నా భార్య. ఇకమీదట ఇందుకు భిన్నంగా ఎక్కడా మాట్లాడను. కింద సంతకం చేశాడు. కలం తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు. పట్టీ మొహం మీదికి రాకూడదన్నాడు. గుండెల మీదే ఉంటుందని సీతాపతి మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ప్రదర్శన జిల్లా కేంద్రంలోని పెద్ద హాల్లో జరిగింది. మంత్రిగారు ముఖ్య అతిథి. ఆయన పట్టీ దగ్గర చిక్కు వచ్చింది. ‘మంత్రి’ అని రాశారు. ఆయన ఏమి కారో రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ముఖ్యమంత్రి కారని రాస్తే ఎత్తిపొడుపు అవుతుంది. రాయకపోతే ఉత్తర్వు ఉల్లంఘన. చివరికి న్యాయ సలహాదారు ఆలోచించి ‘మంత్రి. మరేమీ కారు’ అని రాయించాడు. మంత్రిగారు దాన్ని చదివి, కట్టుకుని, సభ అయ్యేవరకు ఎవరి మొహమూ చూడలేదు.

సత్కారం అందుకునే బంధువులు గనక వీరాస్వామిని, నూకరత్నాన్ని ముందు వరసలకు దగ్గరగా కూర్చోబెట్టారు. వీరాస్వామికి కొత్త పట్టీ ఇచ్చారు. ‘కూలీ పల్లాలమ్మ భర్త. రాణిగారి భర్త కాడు.’ ఆయన అభ్యంతరం చెప్పకుండా కట్టించుకున్నాడు.

సినిమా మొదలైంది. వంటవాడు వంటవాడిగా, జమీందారు జమీందారుగా తెర మీద తిరిగారు. ఆడపెళ్ళివారు ‘పొరపాటు పడినవారు’ అన్న పట్టీలతో పొరపాటు పడ్డారు. జనం చదువుకుంటూ కూర్చున్నారు. ఎవరో దగ్గారు. బంతి వచ్చింది. ముతకచీర మీద ‘గెద్దాడ పల్లాలమ్మ, కూలీ. రాణి కాదు’ అని, పట్టుచీర మీద ‘రాణి చంద్రమతీదేవి. కూలీ కాదు’ అని ఉంది. ముతకచీర లడ్డు కొరికింది. పట్టుచీర పక్కకు చూసింది. పెదవి చివర కదిలింది. ఈసారి ఎవరూ ఆపలేదు. తల వెనక్కి వేసి, పన్ను మీద పన్నుతో సహా, నవ్వింది.

హాల్లో ఇంకెవరూ నవ్వలేదు గనక ఆ నవ్వు గది నాలుగు మూలలా స్పష్టంగా వినిపించింది. పట్టీల వల్ల ప్రజలకు కలిగిన మేలు అదొక్కటే.

వెనక వరసలోంచి సీతాపతి ముందుకు వంగాడు. “చూశారా. పుట్టుక అనేది నవ్వులోనే తెలిసిపోతుంది.”

“అవునండి,” అన్నాడు వీరాస్వామి. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. బంతి అయిపోయి, పెళ్ళి అయిపోయి, దీపాలు వేశాక కూడా అటే చూస్తున్నాడు.

వేదిక మీద భూపతికి నాయనమ్మ నవ్వినందుకు శాలువా కప్పారు. వీరాస్వామిని పిలిచి, లడ్డు కొరికిన సతీమణి గురించి రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. ఆయన దాన్ని కొంతసేపు పట్టుకుని, మంత్రిగారి ముందున్న బల్ల మీద పెట్టి దిగి వచ్చేశాడు. వినమ్రత వల్ల మాట రాలేదని సీతాపతి సభకు వివరించాడు.

తిరుగు బస్సులో నూకరత్నం టికెట్లు కొంగున ముడేసుకుని కూర్చుంది. చివరకు ఆగలేకపోయింది.

“అక్క నవ్వేటప్పుడే మంత్రిగారు లేచి పంచె సర్దుకున్నారు బావా. ఆయన తల అడ్డమొచ్చి నాకేం కనపళ్ళేదు. నీకు కనపడిందా?”

“కనపడింది.”

“ఎలాగుంది? పూర్వంలాగే ఉందా?”

వీరాస్వామి పట్టీ ముడి విప్పి, మడిచి, కిటికీలోంచి బయట పారేశాడు.

“నూకా. ఇంక నన్ను అడక్కు. ఆ సంగతి నేను ఎవరితోనూ మాటాడను.”

నూకరత్నం ఆయన్ని చిన్నప్పటి నుంచి ఎరుగును. కొంగు బిగించుకుని కిటికీ వైపు తిరిగింది.